రెండు నిమిషాల ఖరహరప్రియ

బుజ్జమ్మా,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి కాఫీ పెట్టుకుని ఇది రాయడానికి కూర్చున్నా. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, పైగా నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాదు. పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

మొన్న తెనాలి కచేరీలో నువ్వు ఫిడేలుతో పక్కవాద్యం వాయించావు కదా, ఆ గాయకుడు ఖరహరప్రియ రాగం పద్దెనిమిది నిమిషాలు ఆలాపన చేసి, నీ వంతు వచ్చేసరికి గడియారం వైపు చూసి రెండు వేళ్ళు చూపించారన్నావు. రెండే నిమిషాలు. ఏం వాయించాలో పాలుపోక కంగారుగా తారషడ్జం, అంటే పై స దాకా ఒక్క ఉరుకు ఉరికావని, ఆ తొందరలో గాంధారం, అంటే గ, ఉండాల్సిన చోటికంటే పైకి జారిందని, మొదటి వరసలో కూర్చున్నాయన తల పక్కకి తిప్పుకోవడం కూడా కనిపించిందని చెప్పావు. "ఇక జన్మలో పక్కవాద్యానికి ఒప్పుకోను అత్తయ్యా, సోలోలే చేసుకుంటా" అని కూడా అన్నావు.

నీకు కోపం రావడం న్యాయమే. వేదిక మీద అంతమంది ముందు ఒక కళాకారిణికి అలా వేళ్ళు చూపించడం పద్ధతి కాదు, ఎంత పెద్ద విద్వాంసుడైనా సరే. అయినా నా సమాధానం ఒక్కటే. ఇరవైమూడేళ్ళ వయసులో పక్కవాద్యం మానేస్తే నువ్వే నష్టపోతావు. ఇంకో పదేళ్ళు వాయించు. సోలోలు వద్దని అనట్లేదు, వచ్చినప్పుడు చెయ్యి, కానీ నీ చెయ్యి తయారయ్యేది మాత్రం పక్కన కూర్చున్నప్పుడే. నేను ముప్ఫై ఆరేళ్ళుగా ఫిడేలు పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నా, ఈ మాట ఊరికే చెప్పట్లేదు.

ఎందుకో చెప్తా. సోలోలో నువ్వు నీకొచ్చిందే వాయిస్తావు. నీకు తోడి ఇష్టమైతే తోడి వాయిస్తావు, ముఖారి మీద పట్టులేకపోతే దాని జోలికే పోవు, ఆ లోటు నీకు జన్మలో తెలియదు. పక్కన కూర్చుంటే ఎవరో వచ్చి నువ్వు పదేళ్ళ క్రితం పాఠం చెప్పించుకుని వదిలేసిన రాగాన్ని ఎత్తుకుంటారు, నువ్వెప్పుడూ వినని కీర్తన పాడతారు, నీ చేతికి అలవాటులేని కాలంలో పాడతారు. నువ్వు అక్కడికక్కడ చెవి ఒగ్గాలి. ఒక సంవత్సరంలో పదిమంది గాయకుల పక్కన కూర్చున్నావంటే పది బాణీలు నీ చేతిలోకి వస్తాయి. ఏ గురువూ ఇవ్వలేని పాఠం అది, పైగా వాళ్ళే నీకు డబ్బిచ్చి మరీ నేర్పిస్తారు.

మనవాళ్ళ సంగతే చూడు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే, అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన వాయించింది విని ఏకంగా పాఠాలు చెప్పే ఉద్యోగంలోనే వేసుకున్నారు. అప్పటికి నాయుడుగారి వయసు ఇరవయ్యారేళ్ళు. ఆయన వెల్లూరులో సోలో కచేరీ చేసింది 1938లో. మధ్యలో ఉన్నవి పంతొమ్మిదేళ్ళు! అంత చెయ్యి ఉన్న మనిషి ఆ ఏళ్ళలో పెద్దపెద్ద గాయకుల పక్కన కూర్చుని వాయించారు. అలాగే మన విజయనగరం నుంచే వెళ్ళిన అవసరాల కన్యాకుమారిగారు ఏళ్ళతరబడి గాయని ఎం.ఎల్. వసంతకుమారిగారికి పక్కవాద్యం వాయించారు. 2016లో కన్యాకుమారిగారికి మద్రాస్ మ్యూజిక్ అకాడమీవాళ్ళ సంగీత కళానిధి వచ్చింది, ఆ బిరుదు అందుకున్న మొట్టమొదటి మహిళా వయొలిన్ విద్వాంసురాలు ఆమే. ఆమె సోలోలు వింటే తెలుస్తుంది, ఆ వాయిద్యం లోపల ఎక్కడో ఒక గొంతు పాడుతూ ఉంటుంది. పక్కన కూర్చుని వినీ వినీ వచ్చిందే అదంతా.

ఇక తెనాలి సంగతికి వస్తా. రెండు నిమిషాలిస్తే ఏం చెయ్యాలి? నాకు నీ వయసులో ఎవరూ చెప్పలేదు కాబట్టి నీకు వివరంగా చెప్తున్నా. ముందు, ఆయన పద్దెనిమిది నిమిషాల్లో చెప్పినదంతా మళ్ళీ చెప్పాలనే ఆలోచన వదిలెయ్. ఆయన ఆలాపన చేస్తున్నంతసేపూ నువ్వు వెనకాలే నీడలా నడుస్తావు కదా, అప్పుడే ఒక్క పట్టు ఎంచుకుని దాచుకో. ఆయన తాకి వదిలేసిన చోటు ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఖరహరప్రియే అనుకో, రిషభం, అంటే రి మీద నిలబడటం చాలామంది తొందరలో మర్చిపోతారు. నీ వంతు రాగానే ఏ హడావిడీ లేకుండా రిషభం మీద ఒక్క నిండు కమాను లాగు. అంతే, అప్పటిదాకా దగ్గుతూ కదులుతూ ఉన్న హాలు సర్దుకుంటుంది. అక్కణ్ణుంచి గాంధారాన్ని తన ఊపుతో తన జాగాలో చూపించి, పంచమానికి వెళ్ళి, ధైవత నిషాదాల దగ్గర ఒక చిన్న తిరుగుడు తిరిగి, తారషడ్జాన్ని ఒక్కసారి ముట్టుకుని, మళ్ళీ మధ్యషడ్జానికి వచ్చి కూర్చో. ఒకటిన్నర నిమిషం పడుతుంది. మిగిలిన అర నిమిషం ఆయనకే వదిలెయ్. అలా వాయిస్తే నీకు రెండు నిమిషాలిచ్చినాయన తర్వాతి రాగానికి ఐదు నిమిషాలిస్తారు, నేను చాలాసార్లు చూశాను. ఇవ్వకపోయినా విన్నవాళ్ళకి గుర్తుంటుంది.

నీడలా నడవడం అన్నా కదా, అక్కడ నీకో అలవాటుంది, అది మానుకోవాలి. గాయకుడు ఒక స్వరాల వరస పూర్తి చెయ్యకముందే నువ్వు అది ఎక్కడికి పోతుందో ఊహించి ముందే వేలు పెట్టేస్తున్నావు. ఊహ నిజమైతే తెలివిగా ఉంటుంది, తప్పితే ఆయన నోట్లోంచి మాట లాక్కున్నట్టు ఉంటుంది. ఒక అడుగు వెనకే ఉండు. ఆయన ఊపిరి తీసుకునే చోట, చివరి స్వరాన్ని పలచగా పట్టుకుని నిలబెట్టు. గాయకుడికి అదే తలగడ. ఒకసారి కాకినాడలో ఒక పెద్దాయనకి పైస్థాయిలో గొంతు పట్టేసింది. ఆయన పంచమం దగ్గర ఆగిపోయారు. నేను ఆ పంచమాన్నే కమాను మార్చినట్టు తెలియకుండా అలా లాగుతూ ఉన్నా, ఆయన నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ అందులోనే కలిశారు. జనానికి అది ఒక విశ్రాంతిలా వినిపించింది తప్ప ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. కచేరీ అయ్యాక ఆయన నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, కానీ ఆ తర్వాత ఆరేళ్ళు ఆ జిల్లాలో ఎక్కడ పాడినా పక్కవాద్యానికి నన్నే అడిగారు.

స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లేటప్పుడు కూడా అంతే. ఆయన ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు పాడితే నువ్వు ఒక ఆవర్తనమే వాయించు. లెక్కలు వచ్చు కదా అని ఆయన వెయ్యని ముగింపు లెక్క, ముక్తాయింపు, నువ్వు వేసి చూపించకు. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే వంతు జరుగుతుంటే ఫోన్ చూసుకోకు, ఫిడేలు సర్దుకోకు, తాళం వెయ్యి. మృదంగం ఆయన చివరి కోర్వై (ముగింపు జతుల వరస) వేసి, పాట మళ్ళీ అందుకునే ఎత్తుగడకి వచ్చేటప్పుడు నీ చేతి వైపే చూస్తాడు, ఆ చూపుకి నువ్వు అక్కడ ఉండాలి.

నీకు ఒక సంపద ఉంది, నువ్వింకా దాన్ని వాడుకోవట్లేదు. అది మన తెలుగు. త్యాగరాజస్వామి కీర్తనలు ప్రపంచమంతా పాడతారు, వాయిస్తారు, కానీ మాట ఎక్కడ విరుగుతుందో మనకి పుట్టుకతో తెలుసు. కల్యాణిలో "నిధి చాల సుఖమా" చరణంలో నెరవల్, ఒకే పంక్తిని రకరకాలుగా పాడటం, వస్తుంది కదా, అక్కడ "నరస్తుతి" అనే మాట ఉంది. నర ఒక మాట, స్తుతి ఇంకో మాట. ఆ రెంటికీ మధ్యలో కమాను తిప్పితే మాట నిలుస్తుంది, "నరస్" దాకా లాగి అక్కడ తిప్పితే అర్థం విరిగిపోతుంది. ఎంతో పేరున్నవాళ్ళు కూడా భాష తెలియక అలా వాయించడం నేను విన్నాను, వాళ్ళ తప్పు కాదది. కానీ నువ్వు అలా వాయిస్తే మాత్రం తప్పే. ప్రతి కీర్తనా ముందు నోటితో పాడు, అర్థం తెలుసుకో, పుస్తకంలో సాహిత్యం మీద పెన్సిల్‌తో కమాను గుర్తులు పెట్టుకో. నీ గాత్రం పాఠం ఆగిపోయిందని విన్నా. మళ్ళీ మొదలుపెట్టు. వారానికి ఒక్క గంట చాలు, కచేరీ గొంతు అక్కర్లేదు, నీ వేళ్ళకి ఒక పాట తెలియాలంటే నీ గొంతుకి ముందు తెలియాలి, అంతే.

సాధకం గురించి. నువ్వు రోజుకి ఎనిమిది గంటలు చేస్తున్నానని గొప్పగా చెప్పావు. నాకు భయం వేసింది. నాకు ముప్ఫై ఒకటో ఏట ఎడమచేతి మణికట్టు దగ్గర వాపు వచ్చింది. డిసెంబరు కచేరీలు పోతాయని ఎవరికీ చెప్పకుండా నొప్పి మాత్రలు వేసుకుని రెండు నెలలు వాయించేశా. ఆ తర్వాత చెంబు కూడా ఎత్తలేకపోయా. ఐదు నెలలు ఫిడేలు పెట్టె తెరవలేదు, ఆ ఐదు నెలల్లో నాకు వచ్చిన ఆలోచనలు నీకు రాకూడదు. కాబట్టి విను. నాలుగు గంటలు చాలు, కచేరీ ముందు వారం అయితే ఐదు. నలభై నిమిషాలకోసారి లేచి నడువు, భుజాలు తిప్పు, కుడికాలు చాపి తిమ్మిరి పోనివ్వు. ఫిడేలు తల పాదం మీద ఆనించుకుని గంటలకొద్దీ కూర్చుంటాం కదా, నడుము ఒకవైపే వంగిపోతుంది, నలభై దాటాక తెలుస్తుంది దాని సంగతి. అలసట వేరు, నొప్పి వేరు. అలసట నిద్రపోతే పోతుంది. పొద్దున్న లేచాక కూడా అదే చోట నొప్పి ఉంటే ఆ రోజు ఫిడేలు ముట్టుకోకు, మూడు రోజులుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, కచేరీ ఉన్నా సరే.

ఆ నాలుగు గంటల్లో మొదటి అరగంట మాత్రం నాకివ్వు. తంబురా పెట్టుకుని, ఖాళీ తీగ మీద, కొస నుంచి కొస దాకా నిదానంగా కమాను. మొదట్లోనూ చివర్లోనూ శబ్దం ఒకేలా ఉండాలి, తిప్పేచోట గీత వినపడకూడదు. ఆ తర్వాత సరళీ స్వరాలు, అవును, సరళీ స్వరాలే, మూడు కాలాల్లో. ఫోన్లో రికార్డు చేసుకుని రాత్రి పడుకునే ముందు విను. వాయించేటప్పుడు మన చెవి మనల్ని క్షమించేస్తుంది. రాత్రి విన్నప్పుడు క్షమించదు.

వాయిద్యం విషయం. నువ్వు ఒకే ఫిడేలు మీద ఆడగాత్రానికి ఐదు, ఐదున్నర శ్రుతి, మగగాత్రానికి ఒకటి శ్రుతి అని తీగలు బిగిస్తూ, దించుతూ తిరుగుతున్నావు. అలా చేస్తే తీగ నిలకడగా ఉండదు, ఆలాపన మధ్యలో దిగిపోతుంది, ఒక్కోసారి తెగుతుంది. రెండో ఫిడేలు కొనుక్కో, ఖరీదుది అక్కర్లేదు, లావు తీగలు వేసి కింది శ్రుతికి అలాగే ఉంచెయ్. పెట్టెలో ఎప్పుడూ ఒక సెట్టు కొత్త తీగలు, రోజిన్, మెత్తటి గుడ్డ, చిన్న కత్తెర ఉండాలి. ఇంకొకటి, ఎండలో కారులో ఫిడేలు వదలకు. ఒక మే నెలలో విజయవాడలో భోజనానికి దిగి పెట్టె కారు డిక్కీలో వదిలేశా. గంటన్నర. సాయంత్రం హాల్లో పెట్టె తెరిచి శ్రుతి చేస్తుంటే కింది తీగ దగ్గర జుయ్యిమని ఒక చప్పుడు. వేలితో తడిమితే పక్క అంచున జిగురు విడిపోయి, పైచెక్క గోరు దూరేంత లేచి ఉంది. మా మాస్టారు తన చేత్తో ఇచ్చిన ఫిడేలు అది. అతికించారు, ఇప్పటికీ వాయిస్తున్నా, కానీ ఆ అంచు మీద ఇప్పటికీ వేలు పెట్టి చూసుకోకుండా కచేరీకి కూర్చోను. రైల్లో అయినా బస్సులో అయినా అది నీ ఒళ్ళోనే ఉండాలి, విమానంలో చేతిసామానుగానే తీసుకెళ్ళు.

డబ్బు గురించి అడగడానికి సిగ్గుపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. బుజ్జమ్మా, ఇక్కడ కాస్త గట్టిగా చెప్తా, ఏమనుకోకు. నా మొదటి పదేళ్ళలో సంభావన ఎంత అని నేను ఒక్కసారి కూడా ముందు అడగలేదు. ఒక ఊళ్ళో రామనవమి పందిట్లో మూడు గంటలు వాయించాక శాలువా కప్పి, పళ్ళు చేతిలో పెట్టి, కవరు తర్వాత పంపిస్తామన్నారు. రాత్రి పదకొండున్నరకి బస్టాండులో నేను, మా తమ్ముడు, ఒళ్ళో ఫిడేలు, శాలువా, బత్తాయిలు. టిక్కెట్టుకి వాడే జేబులో తడుముకున్నాడు. ఆ కవరు ఇప్పటికీ రాలేదు. అదే కచేరీలో మృదంగం వాయించినాయన ముందే మాట్లాడుకుని వచ్చారు, ఆయనకి డబ్బు వేదిక ఎక్కకముందే అందింది. ఆయన చేసింది సరైన పని. నేను చెయ్యలేదు, అంతే.

కాబట్టి ఒప్పుకునే ముందే ఒక మెసేజ్ పెట్టు. ఇలా పెట్టు: "నమస్కారమండీ. ఫలానా తేదీ కచేరీకి సంతోషంగా వస్తాను. సంభావన ఇంత. నాకూ, నాతో వచ్చే ఒకరికీ రాకపోకల ఖర్చులు, బస మీరు చూడగలరు. ఖరారు చేస్తూ ఒక మాట రాయండి." ఇందులో గర్వం ఏమీ లేదు. వాళ్ళు తగ్గించమంటే తగ్గించాలా వద్దా అన్నది నీ ఇష్టం, కానీ ఏదైనా ముందే తేలాలి. ఉచితంగా ఎక్కడ వాయించాలో కూడా నువ్వే నిర్ణయించుకో. త్యాగరాజ ఆరాధనకి, మీ మాస్టారి ఇంట్లో కార్యానికి, నీకు నిజంగా భక్తి ఉన్న గుడికి వాయించు, పైసా ముట్టుకోకు. మిగతా చోట్ల "నీకు మంచి అవకాశం అమ్మా" అనే మాట వింటే, మైకు వాడికీ టెంటు వాడికీ కూడా అవకాశమే ఇస్తున్నారా అని మనసులో అడిగి చూసుకో. నీ సోలోకి నువ్వు మృదంగం, ఘటం పెట్టుకున్నప్పుడు ముందు వాళ్ళకి ఇచ్చి, తర్వాతే నువ్వు తీసుకో. నీకు నిర్వాహకులు ఇవ్వకపోయినా వాళ్ళకి నీ చేతినుంచి ఇవ్వు. టీడీఎస్ పేరుతో ముందే పన్ను కోసుకున్నవాళ్ళ దగ్గర సర్టిఫికెట్ అడిగి తీసుకుని రిటర్ను వెయ్యి, చాలామంది ఆడపిల్లలు ఆ డబ్బు వదిలేస్తున్నారు.

నీకు ఆకాశవాణి బి గ్రేడ్ వచ్చింది కదా, అక్కడే ఆగిపోకు. బి-హై, ఆ తర్వాత ఏ, ఎప్పుడు వీలుంటే అప్పుడు అప్లై చెయ్యి. ఊళ్ళలో చాలా సభలవాళ్ళు ఇప్పటికీ ముందు గ్రేడ్ ఏమిటని అడుగుతారు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ పద్దెనిమిది నుంచి ఇరవయ్యయిదేళ్ళ లోపువాళ్ళకి, నెలకి 5,000 రూపాయలు, రెండేళ్ళపాటు. నీకు ఇంకా వయసుంది, ఈసారి ప్రకటన పడగానే పంపు. ఆ డబ్బుతో రెండో ఫిడేలు వచ్చేస్తుంది.

చెన్నైలో డిసెంబరు కచేరీల సీజను గురించి అడిగావు. వెళ్ళు. కానీ మొదటి రెండు సీజన్లు వాయించాలని వెళ్ళకు, వినడానికి వెళ్ళు. మధ్యాహ్నం పూట కుర్రవాళ్ళ కచేరీలకి టిక్కెట్టు ఉండదు చాలాచోట్ల, హాలు సగం ఖాళీగా ఉంటుంది, ముందు వరసలో ఫిడేలు చెయ్యి కనిపించేలా కూర్చో. రోజుకి మూడు విని, రాత్రి రూముకి వచ్చి నోట్సు రాసుకో. పేరున్నవాళ్ళని చూసి ఫోటోలు దిగే వరసలో నిలబడకు, వాళ్ళ కచేరీ గురించి ఒక నిజమైన ప్రశ్న అడుగు, వాళ్ళే నిన్ను గుర్తుపెట్టుకుంటారు. మూడో ఏడు నీ రికార్డింగులు సభలకి పంపు.

ఆ రీల్స్ సంగతి, నీ ముప్ఫై సెకన్ల మోహనం లక్షమంది చూశారని సంతోషమే. పెట్టుకో. పెళ్ళిళ్ళలో వాయించమని పిలిస్తే వెళ్ళు, ఆ డబ్బు మంచి డబ్బే. కానీ సాధకం గంటల్లో కెమెరా పెట్టకు. చెయ్యి ముప్ఫై సెకన్లకి అలవాటుపడితే ఇరవై నిమిషాల రాగం కట్టడం దానికి చేతకాదు.

ఆడపిల్లగా ఎదురయ్యేవి కొన్నున్నాయి, అవి కూడా రాసేస్తా. కొందరు మగ గాయకులు ఆడవాళ్ళని పక్కవాద్యానికి పెట్టుకోరు, కారణం చెప్పరు. నా చిన్నప్పుడు ఇంకా ఎక్కువ. వాళ్ళ వెనకాల పడకు, నిన్ను అడిగినవాళ్ళకి బాగా వాయించు. రాత్రి ప్రయాణం ఉంటే తోడు లేకుండా ఒప్పుకోకు, బస ఎక్కడో ముందే కనుక్కో, ఎవరైనా కచేరీ గురించి మాట్లాడాలని ఒంటరిగా గదికి రమ్మంటే వెళ్ళకు, ఆ కచేరీ పోతే పోనీ. నాకు అప్పుడే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. గుళ్ళలో నవరాత్రి కచేరీలకి తేదీ ఇచ్చేముందు నీ నెలసరి రోజులు లెక్కచూసుకోవాల్సి వస్తుంది. దీని గురించి నువ్వేం నమ్ముతావో నువ్వే తేల్చుకో, నీ బదులు ఇంకొకరు తేల్చకూడదు. నేను మాత్రం ఆ రోజులు తగిలేలా ఉంటే గుడి కచేరీ ముందే వద్దనేదాన్ని, హాలు కచేరీ ఎప్పుడూ మానలేదు. ఇక చీర. వారానికి రెండు రోజులు చీర కట్టుకునే సాధకం చెయ్యి. కుచ్చిళ్ళు పాదం మీదికి వస్తే ఫిడేలు తల జారుతుంది, పట్టుచీర అయితే మరీను. కుడివైపు కుచ్చిళ్ళు మడిచి పిన్ను పెట్టుకో, గాజులు కుడిచేతికి వద్దు, కమానుకి తగిలి మైకులో వినిపిస్తాయి.

పెళ్ళి సంబంధాలు చూస్తున్నారట. మీ నాన్న నాతో కలిసి ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడు, వాడికి నేను వేరే చెప్తా. నీకు చెప్పేది ఇది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "పెళ్ళయ్యాక కూడా వాయిస్తావా" అని అడిగితే నవ్వి ఊరుకోకు. వాయిస్తానని చెప్పు. రోజుకి నాలుగు గంటల సాధకం, నెలకి ఇన్ని ఊళ్ళు, డిసెంబరులో ఇంట్లో ఉండనని కూడా చెప్పు. మొహమాటపడి దాచితే తర్వాత నువ్వు చేసే ప్రతి ప్రయాణమూ ఒక గొడవవుతుంది. నాతోపాటు నేర్చుకున్న ఆడపిల్లలు ఆరుగురు. అందులో ఇద్దరి చెయ్యి నాకంటే ఎంతో బాగుండేది. వాళ్ళ ఫిడేళ్ళు అటక మీద ఉన్నాయి. పండక్కి కలిసినప్పుడు వాళ్ళు నా కొత్త ఫిడేలు అడిగి తీసుకుని, వాయించకుండా, ఊరికే తీగ మీద వేలు పెట్టి చూసి తిరిగి ఇచ్చేస్తారు.

ఇరవై రెండున రాజమండ్రి కచేరీకి నిన్ను పక్కవాద్యానికి అడిగారని, నువ్వు ఇంకా ఏమీ చెప్పలేదని తెలిసింది. ఒప్పుకో. పైన రాసిన మెసేజ్ పెట్టి మరీ ఒప్పుకో. అక్కడ పాడే ఆయన పాతకాలపు మనిషి, ఆరభి, బేగడ రాగాలు ఎక్కువ పాడతారు, రాగం చిన్నగా చేస్తారు, నీకు కూడా అంతే ఇస్తారు.

గురువారం పొద్దున్న ఆరున్నరకల్లా మా ఇంటికి వచ్చెయ్. రెండు రోజులు ఉండేలా బట్టలు తెచ్చుకో, ఒక పట్టుచీర కూడా. ఖరహరప్రియ మూడు రకాలుగా సిద్ధం చేసుకుని రా, రెండు నిమిషాలది ఒకటి, ఆరు నిమిషాలది ఒకటి, ఇరవై నిమిషాలది ఒకటి. ముందు రెండు నిమిషాలదే వింటా.

మీ అత్తయ్య